చెక్‌పవర్ లేని ప్రెసిడెంటు: ఫోర్డ్ కుటుంబం కేసు

విజయవాడలో నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులతో ఆఫీసు నడుస్తుంది. నేను మనసుపెట్టి చేసే పని మాత్రం కుటుంబ వ్యాపారాల్లో వారసత్వం, వాటాల పంపకం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లు, స్పేర్ పార్టుల హోల్‌సేల్ వాళ్లు, ట్రాన్స్‌పోర్టు కంపెనీలు నడిపేవాళ్లు ఎక్కువగా వస్తారు. అందరూ దాదాపు ఒకే మాటతో మొదలుపెడతారు: "ఆడిటర్ గారూ, మావాణ్ణి ఎండీని చేసేశాను. ఇంకేం కావాలండీ వాడికి?"

అప్పుడు నేను అడిగేది ఒకటే. బ్యాంకులో సంతకం ఎవరిది? మన ఊళ్లలో సర్పంచిని ప్రెసిడెంటు గారంటాం. ఆ ప్రెసిడెంటుకు చెక్‌పవర్ తీసేస్తే పంచాయతీలో ఆయన మాట ఎంత చెల్లుతుందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కుర్చీ ఉంటుంది, దండలూ పడతాయి, పని మాత్రం ఇంకెవరి గుమ్మంలోనో జరుగుతుంది.

ఇలాంటి కుటుంబాలతో కూర్చునే ముందు ప్రతిసారీ నేను చదువుకునే కేసు ఒకటుంది. అమెరికాలో డెట్రాయిట్‌కు చెందిన హెన్రీ ఫోర్డ్‌ది. కార్ల చరిత్రగా దాన్ని చాలామంది రాశారు. నేను వాటాల పట్టిక పక్కన పెట్టుకుని చదువుతాను. ఆయన కొడుకు ఎడ్సెల్ ఆ కంపెనీకి 24 ఏళ్లు ప్రెసిడెంటు. చేతిలో 41 శాతానికి పైగా వాటా. అయినా తండ్రి వద్దన్న పెద్ద పని ఒక్కటీ ఆయన సొంతంగా చేయించలేకపోయాడు. అదే వాటా ఆయన చనిపోయాక భార్య చేతిలోకి వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి పెద్దాయన చేత కుర్చీ ఖాళీ చేయించింది. ఒకే వాటా, ఇద్దరి చేతుల్లో ఇంత తేడాగా ఎందుకు పనిచేసింది? ఈ కేసు నేను పదేపదే తెరవడానికి కారణం ఆ ప్రశ్నే.

వాటాదారుడంటే పడని మనిషి ఎలా తయారయ్యాడు

హెన్రీ ఫోర్డ్ 1863 జులై 30న మిచిగాన్ రాష్ట్రంలో డియర్‌బార్న్ దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. తండ్రి విలియం ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాడు. హెన్రీకి పన్నెండేళ్లప్పుడు తల్లి పోయింది. పొలం పని నచ్చక పదహారో ఏట డెట్రాయిట్ వెళ్లి మెషిన్ షాపుల్లో పని నేర్చుకున్నాడు. 1888లో క్లారా బ్రయంట్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఎడిసన్ కరెంటు కంపెనీలో ఇంజినీరుగా చేస్తూ, ఇంటి వెనక షెడ్డులో రాత్రిళ్లు ఒక బండి తయారుచేశాడు. 1896 జూన్ 4న దాన్ని బయటికి తీయబోతే తలుపులోంచి పట్టలేదు. గొడ్డలి తీసుకుని ఇటుక గోడ పగలగొట్టి బండిని రోడ్డెక్కించాడు. ఆ మనిషి స్వభావం అర్థం కావడానికి నాకు ఆ గోడ చాలు.

తర్వాతి ఏడేళ్లే ఈ కేసుకు అసలు పునాది. 1899లో పెట్టుబడిదారుల డబ్బుతో డెట్రాయిట్ ఆటోమొబైల్ కంపెనీ పెట్టాడు. ఏడాదిన్నరలో మూతపడింది. 1901లో హెన్రీ ఫోర్డ్ కంపెనీ అని రెండోది మొదలైంది. బండి ఎప్పుడు బయటికొస్తుందని డబ్బు పెట్టినవాళ్లు అడుగుతున్నారు, ఈయన రేసు కార్ల మీద కూర్చున్నాడు. వాళ్లు హెన్రీ లీలాండ్ అనే పేరున్న ఇంజినీరును తెచ్చి నెత్తిన పెట్టారు. 1902లో ఫోర్డ్ బయటికి వచ్చేశాడు. 900 డాలర్లు, తన పేరు తను వాడుకునే హక్కు, ఇవే చేతికి దక్కాయి. ఆ కంపెనీయే తర్వాత కాడిలాక్ అయింది.

మూడోసారి, 1903 జూన్ 16న, ఫోర్డ్ మోటార్ కంపెనీ. చేతికొచ్చిన నగదు 28,000 డాలర్లు. బొగ్గు వ్యాపారి మాల్కమ్‌సన్, ఆయన గుమస్తా జేమ్స్ కజెన్స్, ఇంజిన్లు తయారుచేసి ఇచ్చే జాన్, హోరేస్ డాడ్జ్ అన్నదమ్ములు ముఖ్యమైన వాటాదారులు. ఫోర్డ్ వాటా పావు వంతుకు కాస్త ఎక్కువ. మొదటి ప్రెసిడెంటు ఆయన కాదు, జాన్ గ్రే అనే బ్యాంకరు. 1906లో గ్రే చనిపోయాడు, మాల్కమ్‌సన్ 1,75,000 డాలర్లకు వాటా అమ్ముకున్నాడు. అప్పటికి ఫోర్డ్ 58.5 శాతం వాటాతో ప్రెసిడెంటు అయ్యాడు.

ఆ పైన జరిగింది చాలామందికి తెలిసిందే. 1908 అక్టోబరులో 850 డాలర్లకు మోడల్ టి కారు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక, ఒక్కో ఛాసిస్‌కు పన్నెండున్నర గంటలు పట్టే పని 93 నిమిషాలకు వచ్చింది. 1914 జనవరిలో తొమ్మిది గంటల పనికి ఇచ్చే 2.34 డాలర్ల కూలిని ఎనిమిది గంటలకు 5 డాలర్లు చేశాడు. ఈ విజయాల గురించి ఇక్కడ ఆగను. ఈ కేసుకు సంబంధించినంతవరకు నేను చూసేది ఒకటి: ఆ ఏళ్లలో ఫోర్డ్ పక్కన కజెన్స్ ఉన్నాడు. లెక్కలు, అమ్మకాలు, ఏజెన్సీలు ఆయన చూసేవాడు. ఫోర్డ్‌కు ఎదురు నిలబడి వద్దని చెప్పగలిగే మనిషి ఆయన. 1915 అక్టోబరులో ఇద్దరికీ చెడి కజెన్స్ పదవి వదిలేశాడు. తర్వాత డెట్రాయిట్ మేయరయ్యాడు, ఆపైన సెనేటరు.

ఒకే ఏడాదిలో రెండు పనులు

1916లో ఫోర్డ్ కారు ధర 440 డాలర్ల నుంచి 360కి తగ్గించాడు. రూజ్ నది ఒడ్డున పెద్ద ఫ్యాక్టరీ కట్టాలి కాబట్టి వాటాదారులకు లాభంలోంచి పంచే ప్రత్యేక డివిడెండ్లు ఇక ఉండవన్నాడు. డాడ్జ్ సోదరులు అప్పటికే సొంత కారు తయారుచేస్తున్నారు. వాళ్లకు ఆ డివిడెండ్ డబ్బు కావాలి. కోర్టుకెళ్లారు. 1919 ఫిబ్రవరిలో మిచిగాన్ సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. కంపెనీ ప్రధానంగా ఉన్నది వాటాదారుల లాభం కోసమేనంటూ, దాదాపు 1.93 కోట్ల డాలర్ల డివిడెండ్ పంచమంది. కంపెనీ చట్టం చదివే ప్రతి విద్యార్థీ ఈ తీర్పు చదువుతాడు. తర్వాతి ఐదు నెలల్లో ఫోర్డ్ ఏం చేశాడన్నది మాత్రం పెద్దగా ఎవరూ చదవరు.

తీర్పుకు ముందే, 1918 డిసెంబరు 30న, ఆయన ప్రెసిడెంటు పదవికి రాజీనామా ఇచ్చాడు. 1919 జనవరి 1 నుంచి 25 ఏళ్ల ఎడ్సెల్ ప్రెసిడెంటు. తండ్రి కాలిఫోర్నియా వెళ్లి, కొత్త కంపెనీ పెడుతున్నాను, ఇంకా చవకైన కారు తెస్తానని పత్రికలకు చెప్పాడు. పాత కంపెనీలో వాటాలున్నవాళ్ల గుండెల్లో రాయి పడింది. ఈయన మనుషులు చడీచప్పుడు లేకుండా వెళ్లి ఆ వాటాలు కొనడం మొదలుపెట్టారు. జులైకల్లా మైనారిటీ వాటాలన్నీ వచ్చేశాయి. ఖర్చు దాదాపు 10.6 కోట్ల డాలర్లు, అందులో చాలాభాగం బ్యాంకు అప్పు. డాడ్జ్ సోదరులకు రెండున్నర కోట్లు, కజెన్స్‌కు సుమారు మూడు కోట్లు వచ్చాయి. 1903లో కజెన్స్ చెల్లెలు 100 డాలర్లు పెట్టింది. ఆమెకు ఒక్క వాటా ధరే రెండున్నర లక్షల డాలర్లకు పైగా ముట్టింది.

1920లో కంపెనీని తిరిగి రిజిస్టరు చేసినప్పటి వాటాలివి: హెన్రీ 55.2 శాతం, ఎడ్సెల్ 41.7, క్లారా 3.1. తండ్రీ, తల్లీ, ఒక్కగానొక్క కొడుకు. ఇంటి బయట మరొక్క వాటాదారుడు లేడు.

ఈ చోట నేను చాలాసేపు ఆగుతాను. ఎడ్సెల్ ప్రెసిడెంటు అయిన రోజు వారసత్వం కోసం వచ్చిన రోజు కాదు. మైనారిటీ వాటాదారులను భయపెట్టడానికి తండ్రి వేసిన ఎత్తులో కొడుకు నియామకం ఒక భాగం. వ్యాపారంలో కొడుకు మొదటి రోజు ఎలా మొదలవుతుందో, ఆ ఛాయ తర్వాత ఏళ్ల తరబడి పోదు. నా అనుభవంలోనూ అదే చూశాను. బ్యాంకు లోను కోసమో, టెండరు అర్హత కోసమో కొడుకు పేరు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో చేర్చిన ఇళ్లలో, పదేళ్ల తర్వాత కూడా ఆ అబ్బాయి పేరు కాగితం మీది పేరుగానే ఉండిపోతుంది.

ఇంకోటి. బయటి వాటాదారులు పోవడంతో ఫోర్డ్‌కు లెక్క చెప్పాల్సిన వాళ్లెవరూ మిగల్లేదు. ఆ ఏళ్లలోనే ఆయన సొంత వారపత్రిక డియర్‌బార్న్ ఇండిపెండెంట్‌లో యూదుల మీద విషం నింపిన వ్యాసాలు 1920 నుంచి వరసగా వచ్చాయి. ఆ పత్రిక చందాలు అంటగట్టే పని కార్ల డీలర్ల మీద పెట్టారు. పరువునష్టం దావా పడ్డాక 1927లో క్షమాపణ చెప్పి పత్రిక మూసేశాడు. అయినా 1938లో నాజీ జర్మనీ ఇచ్చిన పతకం తీసుకున్నాడు. ఫోర్డ్ వారసత్వం గురించి రాస్తూ ఈ ముక్క దాటేయడం నాకు న్యాయంగా తోచదు. ఆ రాతల వల్ల బాధపడ్డ మనుషులున్నారు, ఆ మచ్చ మోయాల్సి వచ్చిన మనవలున్నారు. కజెన్స్ ఉండి ఉంటే ఆగేదో లేదో చెప్పలేం. కాని ఆపగల చేతులన్నీ 1919కల్లా గుమ్మం దాటిపోయాయి.

ఎడ్సెల్ ఇరవై నాలుగేళ్లు

ఎడ్సెల్ 1893 నవంబరు 6న పుట్టాడు. చిన్నప్పటి నుంచి వర్క్‌షాపులో పెరిగిన పిల్లాడు. కాలేజీకి వెళ్లలేదు. 1916లో ఎలినార్ క్లేను పెళ్లి చేసుకున్నాడు. నలుగురు పిల్లలు: రెండో హెన్రీ, బెన్సన్, జోసెఫీన్, విలియం క్లే. మృదుస్వభావి. మంచి కన్నున్నవాడు. గీత గీస్తే అది ఎక్కడ వంగితే అందమో ఆయనకు తెలుసు. 1922లో ఫోర్డ్ కంపెనీ లింకన్‌ను 80 లక్షల డాలర్లకు వేలంలో కొంది. అమ్మింది ఎవరో కాదు, ఇరవై ఏళ్ల కిందట ఫోర్డ్ నెత్తిన కూర్చోబెట్టిన ఆ లీలాండే. లింకన్‌ను ఎడ్సెల్ తన చేతుల మీద తీర్చిదిద్దాడు. 1930ల చివర డిజైనరు బాబ్ గ్రెగొరీతో కలిసి చేసిన లింకన్ కాంటినెంటల్ ఇప్పటికీ అమెరికాలో వచ్చిన అందమైన కార్లలో ఒకటిగా నిలిచింది. డెట్రాయిట్ మ్యూజియం గోడల మీద డియెగో రివేరా 1932-33లో వేసిన ఫ్యాక్టరీ కార్మికుల కుడ్యచిత్రాలకు డబ్బిచ్చింది ఎడ్సెల్. ఆ బొమ్మలను చెరిపేయాలని ఊళ్లో గోల లేచినా ఆయన వెనక్కి తగ్గలేదు. తండ్రి జోక్యం లేని చోట ఆయన ఎంత గట్టిగా నిలబడ్డాడో దీన్ని బట్టే చూడండి. చేతగాని కొడుకు అన్న మాట ఆయనకు అంటదు.

తండ్రి ఉన్న చోట కథ వేరు. 1920ల మొదట్లో అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో సగం దాకా ఫోర్డ్‌వే. 1925 నాటికి జనం రంగులు, మూసిన క్యాబిన్లు, నునుపైన గేర్లు అడుగుతున్నారు, పోటీదారు షెవర్లే అవి ఇస్తోంది. ఎడ్సెల్ తోడల్లుడు ఎర్నెస్ట్ కాన్‌జ్లర్ కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవాడు. 1926 జనవరిలో ఆయన ఆరు పేజీల లేఖ రాశాడు. ఎంతో మర్యాదగా, భయపడుతూ, మోడల్ టి కాలం అయిపోయిందని పెద్దాయనకు విన్నవించాడు. కొన్ని నెలల్లో కాన్‌జ్లర్ ఉద్యోగం పోయింది. ప్రెసిడెంటుగా ఎడ్సెల్ దాన్ని ఆపలేకపోయాడు.

మరుసటి ఏడాది మే 26న తండ్రీకొడుకులు కోటిన్నరో మోడల్ టిలో కూర్చుని ఫ్యాక్టరీ గేటు దాటారు. ఎడ్సెల్ నడిపాడు. ఆ కారు తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించడమూ ఆ రోజుల్లోనే. కొత్త మోడల్ ఏదీ సిద్ధంగా లేదు. డిసెంబరు 2న మోడల్ ఎ వచ్చేదాకా ఫ్యాక్టరీలు ఆరు నెలలు పడుకున్నాయి, వేలమంది రోడ్డున పడ్డారు, మొదటి స్థానం షెవర్లేకు పోయింది. మోడల్ ఎ రూపం బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఆ రూపం ఎడ్సెల్‌ది. హైడ్రాలిక్ బ్రేకులు మిగతా కంపెనీలన్నీ పెట్టేశాక కూడా పెద్దాయన ఒప్పుకోలేదు. ఫోర్డ్ కార్లకు అవి 1939 మోడళ్లలో గాని రాలేదు.

కార్మికుల విషయం ఇంతకన్నా దారుణం. పెద్దాయన హ్యారీ బెనెట్ అనే మాజీ నావికుణ్ణి చేరదీసి, సర్వీస్ డిపార్ట్‌మెంట్ పేరుతో ఫ్యాక్టరీలో వస్తాదుల దండును పెట్టించాడు. యూనియన్‌తో మాట్లాడదామని ఎడ్సెల్ అంటే, ఆ వ్యవహారం బెనెట్ చూసుకుంటాడని తండ్రి తేల్చేశాడు. 1937 మే 26న రూజ్ ఫ్యాక్టరీ ముందు వంతెన మీద కరపత్రాలు పంచడానికి వచ్చిన యూనియన్ నాయకులను బెనెట్ మనుషులు రక్తాలు కారేలా కొట్టారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. 1941 ఏప్రిల్‌లో సమ్మె వచ్చాక గాని ఒప్పందం కుదరలేదు. అప్పుడు కూడా సంతకం చేయకపోతే ఇల్లు వదిలి వెళ్లిపోతానని క్లారా పట్టుబట్టింది కాబట్టే పెద్దాయన దిగాడు. ఈ వివరం గుర్తుపెట్టుకోండి.

ఒక సంస్థలో జీతం, హోదా, పేరు ప్రెసిడెంటువి. అసలు పెత్తనం బోర్డు గదికి బయట కూర్చున్నవాడిది. ఆటోనగర్‌లోనూ బెనెట్‌లు ఉంటారు. పెద్దాయనకు పాతికేళ్లుగా నమ్మినబంటు, షాపు తాళాలు తీసేవాడు, చిన్నాయన ఏమన్నాడో సాయంత్రానికల్లా పెద్దాయన చెవిన వేసేవాడు. అలాంటి మనిషి చెడ్డవాడే కానక్కర్లేదు. ఆ దారి తెరిచి ఉంచింది యజమాని. కొడుకు నిర్ణయం మీద అప్పీలుకు ఇంకో గడప ఉందని గుమాస్తాలకు తెలిసిన రోజు నుంచి కొడుకు మాటకు విలువ పోతుంది.

ఎడ్సెల్ తన 41.7 శాతాన్ని ఎందుకు వాడలేదు? లెక్క ప్రకారం తండ్రి దగ్గర మెజారిటీ ఉంది, ఓటింగులో గెలవడు. అది నిజమే. కాని అంత వాటా ఉన్నవాడు అమ్మేస్తానంటే చాలు, కంపెనీ పునాది కదులుతుంది. ఆ మాట ఆయన ఒక్కసారీ అనలేదు. ఆ వాటా తండ్రి చేత్తో వచ్చింది. తండ్రి మీద దాన్ని ఎక్కుపెట్టడం ఆయన వల్ల కాలేదు. ఇలాంటి కొడుకులను నేను నా టేబులుకు అటువైపు ఎంతోమందిని చూశాను. "నాన్నగారు ఇచ్చిందేగా సార్" అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. కడుపులో దాచుకున్నది కడుపునే తినేస్తుంది. ఎడ్సెల్‌కు మొదట కడుపులో పుండ్లు, తర్వాత క్యాన్సర్, దానికి తోడు తండ్రి పొలంలోని కాచని పాల నుంచి వచ్చిన జ్వరం. 1943 మే 26న 49 ఏళ్లకు పోయాడు. కోటిన్నరో కారు, వంతెన మీద దెబ్బలు, ఈ చావు, మూడూ ఒకే తేదీ. నాకు తేదీల మీద నమ్మకాలేవీ లేవు. కాని నోట్సు రాసుకునేటప్పుడు ఆ మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి పడితే కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

అత్తాకోడళ్లు

కొడుకు పోయిన వారం తిరక్కుండానే, దాదాపు ఎనభై ఏళ్ల హెన్రీ మళ్లీ ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికే పక్షవాతం వచ్చి ఉంది, జ్ఞాపకం సరిగా లేదు. యుద్ధకాలం. విల్లో రన్ ఫ్యాక్టరీలో గంటకో బాంబరు విమానం తయారుచేసే పని కంపెనీ నెత్తి మీద ఉంది. ప్రభుత్వం ఆందోళన పడి, నౌకాదళంలో ఉన్న రెండో హెన్రీని అదే వేసవిలో విడుదల చేసి ఇంటికి పంపింది. పాతికేళ్ల కుర్రాడు ఫ్యాక్టరీలో అడుగుపెట్టేసరికి అధికారమంతా బెనెట్ చేతిలో ఉంది. పెద్దాయన వీలునామాకు ఒక అనుబంధం ఉన్నట్లు తర్వాత బయటపడింది. ఆయన పోయాక పదేళ్లపాటు కంపెనీ ఒక ట్రస్టు కింద నడవాలని, దానిలో బెనెట్‌ది కీలక స్థానమని అందులో ఉంది. మనవళ్లకు పగ్గాలు అందకుండా అడ్డుకట్ట అది.

కుర్రాడు లోపల మనుషులను కూడగట్టుకున్నాడు. దారి తెరిచింది మాత్రం ఇంట్లో ఆడవాళ్లు. ఎలినార్ తన వాటా అమ్మేస్తానంది. మొగుణ్ణి ఈ వ్యాపారమే తినేసింది, కొడుకును కూడా తిననివ్వనన్నది ఆమె పట్టు. క్లారా కోడలి పక్కన నిలబడింది. 1941లో భర్త మెడ వంచిన అదే క్లారా. కన్నకొడుకును పోగొట్టుకున్న తల్లి, మొగుణ్ణి పోగొట్టుకున్న కోడలు ఒక్క మాట మీదకు రావడంతో పెద్దాయనకు వెళ్లే దారి లేకపోయింది. 1945 సెప్టెంబరు 21న 28 ఏళ్ల రెండో హెన్రీ ప్రెసిడెంటు అయ్యాడు. తనకు పూర్తి అధికారం ఇస్తేనే తీసుకుంటానని ముందే తాతతో తేల్చుకున్నాడు. చెక్‌పవర్ అడిగి తీసుకున్న మొదటి ఫోర్డ్ ఆయన. మొదటి పని, బెనెట్‌ను పంపేయడం. ఆ వీలునామా అనుబంధాన్ని బెనెట్టే తగలబెట్టాడు.

కొడుకు చేతిలో పలకని వాటా కోడలి చేతిలో ఎందుకు పలికింది? నాకు తోచింది చెబుతాను. ఎడ్సెల్‌కు అది తండ్రి దయ. ఎలినార్‌కు అది భర్త ఆస్తి, పిల్లల హక్కు. ఇచ్చినవాడి ముఖం చూడాల్సిన మొహమాటం ఆమెకు లేదు. అందుకే ఏ కుటుంబంతో కూర్చున్నా కోడళ్లను, కూతుళ్లను గదిలోకి పిలవమంటాను. "ఆడవాళ్లకెందుకండీ ఈ లెక్కలు" అనే పెద్దలకు ఈ భాగం చదివి వినిపిస్తాను.

కొత్త ప్రెసిడెంటుకు దక్కిన కంపెనీ పరిస్థితి చెప్పుకోదగ్గది కాదు. నెలకు కోటి డాలర్ల నష్టం అనే అంకె అప్పటి నుంచీ ప్రచారంలో ఉంది. అమ్మకాల్లో జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్ తర్వాత మూడో స్థానం. ఒక విభాగంలో బిల్లులను లెక్కపెట్టకుండా తూకం వేసి అంచనా కట్టేవారని చెప్పుకుంటారు. ఆడిటర్‌గా ఆ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. రెండో హెన్రీ తన కన్నా ఎక్కువ తెలిసినవాళ్లను తెచ్చుకున్నాడు. వైమానిక దళంలో లెక్కలు చూసిన పదిమంది యువకుల బృందం 1946లో వచ్చింది. తర్వాత అమెరికా రక్షణమంత్రి అయిన రాబర్ట్ మెక్‌నమారా వాళ్లలో ఒకడు. బెండిక్స్ నుంచి ఎర్నెస్ట్ బ్రీచ్‌ను తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తాత 1915లో పోగొట్టుకున్న కజెన్స్ స్థానాన్ని మనవడు ముప్పై ఏళ్ల తర్వాత భర్తీ చేశాడన్నమాట.

పెద్దాయన 1947 ఏప్రిల్ 7 రాత్రి పోయాడు. రూజ్ నది పొంగి ఆ రోజు ఇంట్లో కరెంటు లేదు. దేశాన్ని యంత్రాల మీద నడిపించిన మనిషి కొవ్వొత్తుల వెలుగులో, పుట్టిన రోజుల్లోని వెలుగులోనే, కన్నుమూశాడు.

కాగితం చేసిన మేలు

ఇంతవరకు తప్పులు చెప్పాను. ఈ కుటుంబం సరిగ్గా చేసిన పని ఒకటుంది. 1935లో అమెరికా పెద్ద ఆస్తుల మీద వారసత్వ పన్నును 70 శాతం దాకా పెంచింది. తండ్రీకొడుకులు పోతే పన్ను కట్టడానికే కంపెనీ అమ్ముకోవాలి. 1936 జనవరిలో ఎడ్సెల్ 25,000 డాలర్లతో ఫోర్డ్ ఫౌండేషన్ పెట్టాడు. కంపెనీ వాటాలను రెండు రకాలుగా విడగొట్టారు: ఓటు లేనివి 95 శాతం, ఓటున్నవి 5 శాతం. ఓటు లేని వాటాల్లో అధికభాగం వీలునామాల ద్వారా ఫౌండేషన్‌కు వెళ్లేలా రాశారు. ఓటున్నవి ఇంట్లో ఉంచుకున్నారు. ఆస్తి ధర్మానికి పోయింది, పెత్తనం ఇంట్లో నిలిచింది.

తండ్రీకొడుకులిద్దరూ పోయాక ఫౌండేషన్ ప్రపంచంలోనే పెద్ద దాతృత్వ సంస్థ అయింది. అమెరికా బయట దాని మొదటి ఆఫీసు 1952లో ఢిల్లీలో తెరిచారు. మనకు దగ్గరి సంగతి ఇక్కడుంది. 1960-61లో ఫౌండేషన్ సాయంతో దేశంలో మొదలైన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకంలో మొదటి విడత ఏడు జిల్లాల్లో మన పశ్చిమ గోదావరి ఒకటి. విత్తనం, ఎరువు, పరపతి, సలహా అన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి ప్యాకేజీ ప్రోగ్రాం అన్నారు. 1972లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ రావడానికి సంస్థలను ఒకచోటికి చేర్చినవి ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు. మెట్ట పంటల మీద అక్కడ జరిగిన పరిశోధన తెలంగాణ, రాయలసీమ రైతుకు తెలుసు. డియర్‌బార్న్‌లో పన్ను లెక్కలు చూసుకుంటూ రాసుకున్న కాగితం మన కంది చేల దాకా వచ్చింది.

1956 జనవరిలో ఫౌండేషన్ తన వాటాల్లో 1.02 కోట్లను ఒక్కోటి 64.50 డాలర్లకు ప్రజలకు అమ్మింది. అప్పుడు కుటుంబం చేతిలోని బి తరగతి వాటాలకు 40 శాతం ఓట్లు ఖాయం చేశారు. ఇప్పటికీ అవే 40 శాతం, మొత్తం వాటాల్లో అవి రెండు శాతం దగ్గరే ఉన్నా. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చే నిబంధన ఇది: బి వాటాను బయటివాడికి అమ్మితే అది మామూలు వాటాగా మారిపోతుంది, ప్రత్యేక ఓటు పోతుంది. కుటుంబం చేతిలోని బి వాటాలు సుమారు ఆరు కోట్ల కిందికి పడిపోతే 40 శాతం కాస్తా 30 అవుతుంది. అమ్ముకోవద్దని ఎవరికీ ఆంక్ష పెట్టలేదు. అమ్మితే మిగతా అన్నదమ్ములకు ఏం పోతుందో మాత్రం అందరికీ కనిపించేలా పెట్టారు.

కాగితం చేయలేనిదీ ఉంది. 1957లో కొత్త కారుకు ఎడ్సెల్ అని పేరు పెట్టారు. ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోయినా పెట్టారు. రెండేళ్లలో ఆ కారు పోయింది, ఆయన పేరు ఇంగ్లిష్‌లో వైఫల్యానికి మారుపేరైంది. బతికుండగా మాట చెల్లని మనిషికి చనిపోయాక దక్కింది అది. ఫౌండేషన్ మీద కూడా కుటుంబానికి పట్టు పోయింది. 1976 చివర్లో రెండో హెన్రీ విసిగి దాని ట్రస్టీ పదవి వదిలేశాడు.

తర్వాతి తరం గురించి ఒక్క సంఘటన చాలు. విలియం క్లే కొడుకు బిల్ ఫోర్డ్, అమ్మ వైపు ఫైర్‌స్టోన్ టైర్ల వంశం, 1999లో ఛైర్మన్, 2001లో సీఈఓ. 2006లో కంపెనీ మునుగుతుంటే సీఈఓ పదవి తానే వదులుకుని, విమానాల తయారీ నుంచి అలన్ ములాలీని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆ ఏడాదే ఆస్తులతో పాటు నీలం ఓవల్ గుర్తును కూడా తాకట్టు పెట్టి 2,360 కోట్ల డాలర్ల రుణ సదుపాయం తెచ్చుకున్నారు. 2009లో జీఎం, క్రైస్లర్ దివాలా తీసినప్పుడు ఫోర్డ్ తీయలేదు. ముత్తాత ఇంట్లోవాళ్లు మెడలు వంచితే గాని వదలని కుర్చీని మునిమనవడు బతికుండగా, ఆరోగ్యంగా ఉండగా వదిలాడు. 2021లో బోర్డులోకి ఒకేసారి ఇద్దరు వచ్చారు: మూడో హెన్రీ, బిల్ కూతురు అలెగ్జాండ్రా.

నా టేబుల్ మీద

మన దగ్గర ఎస్టేట్ డ్యూటీ, అంటే వారసత్వ పన్ను, 1985లోనే తీసేశారు కాబట్టి ఫోర్డ్‌కున్న పన్ను భయం మనకు లేదు. అందుకే మనవాళ్లు వీలునామా రాయడం వాయిదా వేస్తారేమోననిపిస్తుంది. ఈక్విటీలోనే ఓటు హక్కులు వేరువేరుగా ఉండే వాటాలకు 2013 కంపెనీల చట్టం 43వ సెక్షన్ దారి ఇస్తోంది. ఇది తెలిసిన కుటుంబాలు చాలా తక్కువ. కాని నేను ముందు ఆ సెక్షన్ జోలికి పోను.

ఒక కుటుంబం సంగతి, ఆనవాలు తెలియకుండా మార్చి చెబుతాను. పెద్దాయనకు 71 ఏళ్లు. వాహనాల విడిభాగాల వ్యాపారం. కొడుకు పదకొండేళ్లుగా ఎండీ. లక్ష దాటిన ప్రతి చెక్కు మీద నాన్న సంతకం. కొడుకు పెట్టుకున్న మేనేజర్లు ముగ్గురు వరసగా మానేశారు. మేమిద్దరం ఎడ్సెల్ కథ మీద ఒక పూట మాట్లాడుకున్నాం. పెద్దాయన మధ్యలో ఒక్కటే అడిగారు, "ఆ అబ్బాయి పోయాక ఆయన ఏమన్నాడండీ?" ఏమన్నాడో నా దగ్గర లేదు, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడని మాత్రం చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి లారీలను చూస్తూ ఉండిపోయారు.

తర్వాత రాసుకున్నవి పెద్దవేం కాదు. కొడుకు సొంతంగా ఖర్చుపెట్టగల పరిమితి ఎంతో అంకెలో రాశాం, ఏడాదికోసారి పెరిగేలా. గుమాస్తాలెవరూ పని విషయం నేరుగా పెద్దాయనకు చెప్పకూడదు, ఆయనా వినకూడదు. కొడుకు వాటా బహుమతి డీడ్‌తో కాకుండా, లాభంలోంచి వాయిదాల మీద కొనుక్కునేలా పెట్టాం. కొన్నదాని మీద మొహమాటం ఉండదని నా నమ్మకం. బయటి డైరెక్టరుగా పాత బ్యాంకు మేనేజరు ఒకరు ఒప్పుకున్నారు. పోయిన నెల బ్యాంకులో సంతకాల కార్డు మారింది.

కూతురి వాటా ఇంకా తేలలేదు. పెళ్లప్పుడు ఇచ్చేశాం కదా అంటారు పెద్దాయన. ఆ అమ్మాయి సికింద్రాబాద్‌లో ఉంటుంది. వచ్చే సమావేశానికి ఆమెనూ, కోడలినీ రమ్మని కబురు పంపాం.